50కి దిగవచ్చు, 125 లేకుంటే లేవకూడదు

(ఒక ఇంజనీరింగ్ కళాశాలలో విశ్రాంత విమాన పైలట్ ఒకరు విద్యార్థులతో మాట్లాడిన మాటలకు అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనుక వరుసలకు వినిపిస్తోందా? సరే.

పొగమంచులో విమానం నడపడం గురించి మాట్లాడమని మీ మాస్టారు ఫోన్ చేసినప్పుడు, "దిగడం గురించేగా?" అన్నాను. అందరూ దిగడం గురించే అడుగుతారు. కళ్లు మూసుకుని విమానం దింపేస్తారటగా, కంప్యూటరే దింపుతుందటగా అని. ఆయన మాత్రం "కాదండీ, లేవడం గురించి" అన్నారు. నాకు సంతోషం వేసింది. ఎందుకంటే ఆ విషయంలో ఒక పెద్దాయనకు నేను పదిహేనేళ్లుగా జవాబు బాకీ ఉన్నాను.

అది జనవరి నెల, ఢిల్లీ. తెల్లవారి అయిదింటికి ప్రయాణికులను ఎక్కించుకుని తలుపులు మూశాం. ఏడు దాటినా విమానం కదల్లేదు. లోపల కాశీయాత్ర ముగించుకుని హైదరాబాద్ తిరిగి వస్తున్న తెలుగువాళ్ల బృందం ఒకటి ఉంది. వాళ్లు కోపంగా ఉన్నారు, మీరు వచ్చి తెలుగులో నాలుగు మాటలు చెబితే బాగుంటుందని మా క్యాబిన్ సిబ్బంది అడిగారు. వెళ్లాను. మూడో వరుసలో మఫ్లర్ చుట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన నన్ను ఆపి, "బాబూ, కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మన పక్కకే ఇప్పటికి మూడు విమానాలు దిగి వచ్చి ఆగాయి. దిగేవాళ్లకు కనబడే దారి లేచేవాళ్లకు కనబడదా?" అన్నారు.

"రూలు అంతే బాబాయిగారూ" అన్నాను.

"రూలని నాకూ తెలుసు. ఆ రూలు ఎందుకో చెప్పు."

ఇంతలో కాక్‌పిట్ నుంచి పిలుపు వచ్చింది, వెళ్లిపోయాను. ఆయన అడిగింది చాలా మంచి ప్రశ్న. ఢిల్లీలో ఆ రోజు తగిన పరికరాలు, తగిన శిక్షణ ఉన్న విమానం 50 మీటర్ల చూపులో దిగవచ్చు. అదే విమానం, అదే పైలట్, అదే రన్‌వే మీద లేవాలంటే 125 మీటర్లు కావాలి. లేవడం తేలిక, దిగడం కష్టం అని ప్రపంచమంతా అనుకుంటుంది. మరి తేలికైన పనికి రెండున్నర రెట్లు ఎక్కువ చూపు ఎందుకు?

ముందు ఈ మీటర్ల సంగతి చూద్దాం. టీవీలో "ఢిల్లీలో సున్నా విజిబిలిటీ" అంటారు. ఆ సున్నా మాకు పనికొచ్చే లెక్క కాదు. వాతావరణ శాఖవారు కిలోమీటరు లోపు చూపు ఉంటే దాన్ని పొగమంచు అంటారు. మేము చూసే అంకె వేరు. దాని పేరు ఆర్‌వీఆర్, అంటే రన్‌వే విజువల్ రేంజ్. రన్‌వే మధ్యగీత మీద ఉన్న పైలట్ కంటికి ఆ గీతలో గాని, అంచుల్లో గాని ఉన్న దీపాలు ఎంత దూరం వరకు కనిపిస్తాయో చెప్పే అంకె అది. చెట్టు కనబడుతోందా, గోపురం కనబడుతోందా అన్న చూపు కాదు, దీపం కనబడే చూపు. అందుకే "సున్నా" అని టీవీ చెబుతున్న సమయంలో కూడా మాకు 150 ఉండవచ్చు.

వెనుకటి రోజుల్లో ఒక మనిషి రన్‌వే పక్కన నిలబడి ఎన్ని దీపాలు కనబడుతున్నాయో లెక్కపెట్టి టవర్‌కు చెప్పేవాడు. ఆ చలిలో, తెల్లవారుజామున! ఇప్పుడు యంత్రాలు ఉన్నాయి. రన్‌వే పక్కన ఒక స్తంభం వెలుగు పంపుతుంది, కొంత దూరంలో ఉన్న మరో స్తంభం దాన్ని అందుకుంటుంది. దారిలో మంచు ఎంత వెలుగును మింగిందో దాన్నిబట్టి లెక్క. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ ల్యాబరేటరీస్‌వాళ్లు ఇలాంటి యంత్రాన్ని మన దేశంలోనే తయారు చేశారు. దానికి పెట్టిన పేరు "దృష్టి". ప్రభుత్వ యంత్రాలకు పెట్టే పేర్లలో ఇంత చక్కగా అమరిన పేరు నేను మరొకటి చూడలేదు.

ఈ యంత్రాలు పెద్ద రన్‌వేకు మూడు చోట్ల ఉంటాయి: మొదట్లో, మధ్యలో, చివర. ఇది గుర్తుంచుకోండి. పొగమంచు దుప్పటిలా సమంగా పరుచుకోదు. మొదట్లో 200 ఉంటుంది, మధ్యలో 75 ఉంటుంది. మీరు బయలుదేరే చోట హాయిగా కనిపిస్తుంది, సగం దూరం పోయేసరికి పాలకుండలో పడతారు. అందుకే లేవడానికి ఒక్క చోట ఉంటే చాలదు, పరుగుకు సంబంధించిన ప్రతి చోటా ఆ అంకె ఉండాలి. ఒక్క మినహాయింపు ఉంది. మొదటి భాగంలో మాత్రం యంత్రం చెప్పినదానికి బదులు పైలట్ తన కళ్లతో చూసి నిర్ణయించవచ్చు. అక్కడే నిలబడి ఉన్నాడు కదా, దీపాలు లెక్కపెట్టుకోగలడు.

ఆ దీపాల లెక్క చెబుతాను. రన్‌వే నడుమ గీత పొడవునా నేలలోకి దించిన దీపాలు ఉంటాయి. ఇంత తక్కువ చూపులో లేవాలంటే వాటి మధ్య దూరం 15 మీటర్లకు మించకూడదు. ఇప్పుడు కాక్‌పిట్‌లో కూర్చున్న నాకు విమానం ముక్కు అడ్డం. ముక్కు కింద ఉన్న నేల కనబడదు. ఆ మరుగు పోగా కనీసం 90 మీటర్ల నేల కళ్ల ముందు ఉండాలని చాలా దేశాల నియమం. 90ని 15తో భాగించండి. ఆరు దీపాలు. అంటే ఈ రూలు పుస్తకం మొత్తం చివరికి కాక్‌పిట్‌లో ఇలా మిగులుతుంది: "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఉన్నాయి." నేను లెక్కపెట్టి చెప్పేవాడిని, కోపైలట్ వేరుగా లెక్కపెట్టి చెప్పేవాడు. ఇద్దరి లెక్కా కలవాలి.

ఇందులో మరో చిన్న సంగతి ఉంది. సీటు. సీటు కొంచెం కిందికి ఉంటే ముక్కు మరింత నేలను మింగేస్తుంది. ఒక్క సెంటీమీటరు తేడాకు ఎదుట కనిపించే నేల మీటర్ల లెక్కన తగ్గుతుంది. అందుకని ఎయిర్‌బస్ విమానాల్లో ఎదుటి అద్దాల నడిమి కమ్మీ మీద చిన్న బంతులు ఉంటాయి, రేగుపండంత. ఎరుపు, తెలుపు. సీటును జరుపుకుంటూ పోతే ఒక చోట ఎరుపు బంతి తెల్ల బంతిని సరిగ్గా కప్పేస్తుంది. కన్ను ఉండాల్సిన చోట ఉన్నట్టు. కోట్ల రూపాయల విమానంలో నాకు అన్నిటికన్నా ముచ్చటైన పరికరం అదే. దానికి కరెంటుతో పని లేదు. (నవ్వులు)

సరే, పెద్దాయన ప్రశ్నకు వద్దాం.

50 మీటర్లలో దిగేటప్పుడు పైలట్ దింపడు. రన్‌వే చివర ఉన్న లోకలైజర్ అనే యాంటెన్నా నడుమ గీత వెంట రేడియో తరంగాలు పంపుతుంది. విమానంలోని ఆటోపైలట్లు, ఒకటికి రెండు, ఒకదాన్నొకటి సరిచూసుకుంటూ ఆ తరంగాన్ని పట్టుకుని వస్తాయి. చక్రాలు తగిలిన తరువాత కూడా అదే తరంగాన్ని బట్టి నడుమ గీత మీదే పరుగెత్తిస్తాయి. పైలట్ కాపలాదారు. ఏదైనా తేడా కనిపిస్తే ఒక మీట నొక్కుతాడు, విమానం మళ్లీ పైకి లేచిపోతుంది.

లేచేటప్పుడు మామూలుగా విమానాల్లో ఆటోపైలట్ ఉండదు. గాలిలోకి లేచి 100 అడుగుల దగ్గరకు వచ్చిన తరువాతే దాన్ని వేస్తాం. అంతవరకు నేల మీద విమానాన్ని నడుమ గీత మీద ఉంచేది పైలట్ పాదాలు. విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడళ్లు వాటి కింద ఉంటాయి. ఆ పాదాలకు దారి చూపేది కళ్లు. కళ్లకు దారి చూపేది ఆ ఆరు దీపాలు.

ఇది సగం జవాబు. అసలు జవాబు ఇంకోచోట ఉంది. పొగమంచులో ఏదైనా తప్పు జరిగితే దిగేవాడికి తప్పించుకునే చోటు ఆకాశం. అక్కడ అడ్డం వచ్చేది ఏదీ లేదు, మంచు ఉన్నా లేకపోయినా ఒకటే. లేచేవాడికి తప్పించుకునే చోటు నేల. పరుగు మొదలుపెట్టాక ఇంజిన్ ఆగితే అతను బ్రేకులు వేసి, ఆ మంచులోనే, ఆ రన్‌వే మీదే ఆగాలి. కాబట్టి 125 మీటర్లు అడుగుతున్నది గాలిలోకి లేవడానికి ఒక్కదానికే కాదు. ముఖ్యంగా ఆగడానికి.

ఇంజిన్ ఆగడం అంటే ఏమిటో చూద్దాం. రెండు ఇంజిన్లు పూర్తి బలంతో తోస్తున్నాయి. వేగం 140 నాట్లు అనుకోండి, అంటే సెకనుకు 72 మీటర్లు. 125 మీటర్ల చూపు రెండు సెకన్లకు తక్కువ. ఆ క్షణాన కుడి ఇంజిన్ ఆగింది. ఎడమది ఇంకా తోస్తూనే ఉంది. విమానం ముక్కు ఒక్కసారిగా కుడికి తిరుగుతుంది. ఎడమ పెడల్ తొక్కాలి. ఎంత తొక్కాలి? దీపాల గీత ఎంత పక్కకు జరిగిందో దాన్నిబట్టి. విమానం తయారయ్యేటప్పుడే దీనికి ఒక పరీక్ష ఉంది. ఒక ఇంజిన్ హఠాత్తుగా ఆగినా, నేల మీద అదుపు నిలిచే కనీస వేగం దగ్గర, విమానం 30 అడుగులకు మించి పక్కకు పోకూడదు. 30 అడుగులంటే సుమారు 9 మీటర్లు. పెద్ద విమానాల రన్‌వే సాధారణంగా 45 మీటర్ల వెడల్పు. నడుమ నుంచి అంచుకు 22న్నర. 9 పోగా రెక్కకింది చక్రానికి మిగిలేది కొంచెమే. ఆ పరీక్ష చేసిన పైలట్‌కు దారి బాగా కనిపిస్తోంది, పైగా ఇంజిన్ ఆగుతుందని ముందే తెలుసు. మంచులో ఉన్న మనకు ఆ రెండూ లేవు.

మొదటిసారి సిమ్యులేటర్‌లో నాకు ఈ పరీక్ష పెట్టినప్పుడు నేను నేరుగా గడ్డిలోకి పోయాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, చాలామంది పోతారు. శిక్షకుడు వెనుక కూర్చుని 120 నాట్ల దగ్గర ఇంజిన్ కోసేశాడు. నేను ఏం చేశానో తెలుసా? డయల్స్ వైపు చూశాను. ఏ ఇంజిన్ ఆగిందో తెలుసుకుందామని. చదువుకున్నవాడి జబ్బు అది! తల ఎత్తేసరికి దీపాలు లేవు. తెలుపు తప్ప ఏమీ లేదు. మూడు సెకన్లు కూడా పట్టలేదు. సిమ్యులేటర్ ఆపి ఆయన ఒకే ఒక మాట అన్నారు, "ఇంజిన్ సంగతి పక్కవాడు చూస్తాడు. నువ్వు దీపాలు చూడు." ఆ తరువాత ముప్ఫై ఏళ్లు, ఎండ కాస్తున్న రోజున కూడా, పరుగులో నేను లోపలికి చూడలేదు. వేగం చదివి వినిపించేది కోపైలట్. ఇలాంటి తక్కువ చూపులో విమానం లేపే పని దాదాపు అన్ని సంస్థల్లోనూ కెప్టెన్‌దే. కోపైలట్ ఎంత సమర్థుడైనా సరే, ఆ పూటకు చదివే పనే.

ఆ దీపాలకు రంగులు కూడా ఉన్నాయి. మొదట అన్నీ తెలుపు. రన్‌వే ఇంకా 900 మీటర్లు మిగిలి ఉందనగా ఎరుపు, తెలుపు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. చివరి 300 మీటర్లు అన్నీ ఎరుపే. మంచులో రన్‌వే ఎంత మిగిలిందో చెప్పేది అదే. వీ1 అని ఒక వేగం ఉంటుంది, అది దాటాక ఆగడం అనే మాట లేదు, లేవడమే. దానికి ముందు ఆగాలని నిర్ణయించుకున్నవాడు బ్రేకుల మీద నిలబడి ఎరుపు, తెలుపు కలిసి వస్తున్నాయా, అన్నీ ఎరుపేనా అని చూస్తూ ఉంటాడు.

ఇంకొకటి. మంచులో ల్యాండింగ్ లైట్లు వేసుకుంటే ఎక్కువ కనబడుతుందనుకుంటారు. కృష్ణ కరకట్ట మీద డిసెంబరు తెల్లవారుజామున బైకు నడిపినవాళ్లు ఇక్కడ ఉంటే వాళ్లకు చెప్పనక్కర్లేదు. హెడ్‌లైటు హై బీమ్ వేస్తే ఏమవుతుంది? ఎదుట తెల్లగోడ లేస్తుంది. ఇదీ అంతే.

ఇప్పుడు ఇంజిన్ వీ1 తరువాత ఆగింది అనుకుందాం. లేచిపోయాం. ఒక ఇంజిన్‌తో గాలిలో ఉన్నాం. ఎక్కడ దిగాలి? బయలుదేరిన చోటే దిగుదామంటే, అక్కడ మంచు. లేవడానికి సరిపోయిన చూపు అక్కడ దిగడానికి సరిపోకపోవచ్చు. ఢిల్లీ సంగతి తిరగబడి ఉంది గాని, 50 మీటర్లలో దింపే ఏర్పాట్లు లేని విమానాశ్రయాలే ఎక్కువ. అందుకని బయలుదేరకముందే, వెనక్కి దిగే వీలు లేని చోట, టేకాఫ్ ఆల్టర్నేట్ అని ఒక ఊరిని కాగితం మీద రాసుకోవాలి. రెండు ఇంజిన్ల విమానానికి ఒక ఇంజిన్‌తో గంట ప్రయాణంలో ఆ ఊరు ఉండాలి, అక్కడ వాతావరణం బాగుండాలి. ఇది అంతర్జాతీయ నియమం. సంక్రాంతి ముందు గన్నవరంలో మంచు పట్టి విమానాలు చక్కర్లు కొట్టి హైదరాబాద్ తిరిగి వెళ్లాయని పత్రికల్లో చదువుతుంటారు కదా. దిగేవాళ్లకు హైదరాబాద్ ఎలాగో, లేచేవాళ్లకూ అలాంటి ఊరొకటి ముందే కావాలి. ఆ ఊరు దొరకకపోతే, రన్‌వే మీద ఎన్ని దీపాలు కనబడినా కదలకూడదు.

ఇంతవరకు చెప్పింది ఒక విమానం, ఒక రన్‌వే కథ. దీనికి నియమాలు గట్టిగా ఉన్నాయి, అవి బాగానే పనిచేస్తున్నాయి. కాని పొగమంచు ప్రమాదాల్లో ఘోరమైనవి ఇంజిన్ ఆగి జరగలేదు. రన్‌వే మీద ఉండకూడని ఇంకొకరు ఉండటం వల్ల జరిగాయి.

స్పెయిన్‌కు చెందిన ద్వీపం టెనెరిఫె పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1977 మార్చి 27. కేఎల్‌ఎం, పాన్ యామ్ సంస్థల జంబో జెట్లు రెండు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది పోయారు. అది సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉన్న విమానాశ్రయం. అక్కడ మంచంటే కొండ మీదుగా దొర్లుకుంటూ పోయే మేఘమే. నేల మీది విమానాలను టవర్‌కు చూపించే నేల రాడార్ లేదు. మేఘంలో రెండు విమానాలూ ఒకదానికొకటి కనబడవు, టవర్‌కు రెండూ కనబడవు. మిగిలింది మాట ఒక్కటే. కేఎల్‌ఎం కోపైలట్ రేడియోలో "మేమిప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం" అనే అర్థం వచ్చే మాట అన్నాడు. లేవడానికి సిద్ధంగా ఉన్నామనా? లేస్తున్నామనా? టవర్ మొదటిది అనుకుంది. "సరే" అని, ఒక్క క్షణం ఆగి, "ఆగండి, నేను పిలుస్తాను" అంది. అదే క్షణంలో పాన్ యామ్ "మేమింకా రన్‌వే మీదే ఉన్నాం" అంది. రెండు మాటలూ ఒకేసారి రేడియోలో పడి కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో ఒక ఈల శబ్దంగా మారిపోయాయి. అక్కడి ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది, ఆ పాన్ యామ్ ఇంకా తప్పుకోలేదేమో అని అడిగాడు. కెప్టెన్ తప్పుకుందని గట్టిగా చెప్పాడు. ఆయన ఆ సంస్థలో జంబో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. పెద్దవాడు గట్టిగా చెబితే చిన్నవాడు రెండోసారి అడగడు. మన ఇళ్లలోనూ ఇదే కదా.

ఆ తరువాత రేడియోలో "టేకాఫ్" అనే మాటను ఎక్కడపడితే అక్కడ వాడటం మానేశారు. అనుమతి ఇచ్చేటప్పుడు, రద్దు చేసేటప్పుడు మాత్రమే ఆ మాట. మిగతా అన్ని సందర్భాల్లో "డిపార్చర్". నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం "టేకాఫ్‌కు సిద్ధం" అని ఒక్కసారి కూడా అనలేదు. "డిపార్చర్‌కు సిద్ధం". ఒక మాటను మాకు అందకుండా బీరువాలో పెట్టి తాళం వేశారన్నమాట.

టెనెరిఫె గురించి అందరూ చెబుతారు. నన్ను ఎక్కువ బాధించేది మిలాన్. లినాటే విమానాశ్రయం, 2001 అక్టోబరు 8, ఉదయం ఎనిమిది దాటింది. దట్టమైన మంచు. స్కాండినేవియన్ సంస్థ విమానం ఒకటి, 110 మందితో, లేవడానికి అనుమతి తీసుకుని పరుగు మొదలుపెట్టింది. అదే సమయానికి ఒక చిన్న సెస్నా జెట్, నలుగురితో, టాక్సీవే మీద, అంటే రన్‌వే దగ్గరకు వెళ్లే దారి మీద, దారి తప్పింది. దాన్ని వెళ్లమన్నది ఆర్5 అనే దారి. అది ఆర్6 పట్టింది. ఆర్6 తిన్నగా రన్‌వేను దాటుతుంది. పైలట్ "సియెర్రా 4 దగ్గర ఉన్నాం" అని చెప్పాడు. నేల మీద ఆ గుర్తు నిజంగానే రాసి ఉంది. కాని కంట్రోలర్ దగ్గరున్న పటంలో అది లేదు! మనిషి తాను ఎక్కడున్నాడో సరిగ్గానే చెప్పాడు, వినేవాడికి ఆ చోటు తెలియదు. పాత నేల రాడార్ తీసేశారు, కొత్తది ఇంకా పనిలోకి రాలేదు. రన్‌వే ముందు ఎర్రదీపాల వరుస ఉంది, సెస్నా దాని మీదుగానే పోయింది. టవర్ నుంచి ఆ దీపాలను ఆర్పే, వెలిగించే ఏర్పాటు లేదు. ఎప్పుడూ వెలుగుతూనే ఉండే ఎర్రదీపానికి ఎవరు ఆగుతారు? పైగా ఆ పైలట్లకు అంత తక్కువ చూపులో నడిపే అర్హతే లేదు.

పెద్ద విమానం ముక్కు అప్పటికే లేచింది. ఢీకొన్నాక పన్నెండు సెకన్లు గాలిలో ఉంది, కుడి ఇంజిన్ ఊడిపోయింది, రన్‌వే అవతల సామాన్లు సర్దే షెడ్డులోకి దూసుకుపోయింది. షెడ్డులో పనిచేస్తున్న నలుగురితో కలిపి 118 మంది పోయారు. ఆ పెద్ద విమానం పైలట్లు ఒక్క తప్పు కూడా చేయలేదు. వాళ్ల చూపు సరిపోయింది, శిక్షణ సరిపోయింది, అనుమతి ఉంది. ఇప్పటి స్టాప్ బార్ నియమం ఎందుకంత కఠినమో ఇక్కడ తెలుస్తుంది. రన్‌వేకు ముందు అడ్డంగా వెలిగే ఎర్రదీపాల వరుస స్టాప్ బార్. టవర్ నుంచి నోటిమాటగా అనుమతి వచ్చినా, ఆ దీపాలు ఆరకపోతే దాటకూడదు. మాట, దీపం రెండూ కలిస్తేనే కదలిక. యువ పైలట్లు దీన్ని చాదస్తం అనుకుంటారు. లినాటే నివేదిక ఒకసారి చదవమని చెప్పేవాడిని.

(ఒక విద్యార్థి: దీపాలు కనబడితే చాలన్నారు కదా సార్. తప్పు రన్‌వే దీపాలు కనబడితే?)

మంచి ప్రశ్న. దానికీ ఒక ప్రమాదం ఉంది. తైపే, 2000 అక్టోబరు 31, రాత్రి. మంచు కాదు, తుఫాను వాన. సింగపూర్ ఎయిర్‌లైన్స్ జంబో విమానం ఎడమ రన్‌వేకు వెళ్లాల్సింది, పక్కనే మరమ్మతుల కోసం మూసేసిన కుడి రన్‌వే మీదకు తిరిగింది. అక్కడ సిమెంటు దిమ్మెలు, తవ్వే యంత్రాలు ఉన్నాయి. 179 మందిలో 83 మంది చనిపోయారు. ఆ విమానంలో పీవీడీ అని ఒక పరికరం ఉంది. తక్కువ చూపులో లోకలైజర్ తరంగాన్ని పట్టుకుని, మీరు సరైన గీత మీద ఉన్నారా లేదా అని చారల కదలికతో చూపిస్తుంది. అది తెరుచుకోలేదు. తప్పు రన్‌వే కాబట్టి దానికి తరంగం అందలేదు. కోపైలట్ అది ఇంకా కుదురుకోలేదని అన్నాడు. రన్‌వే కనబడుతోందిగా, పరవాలేదు అన్నాడు కెప్టెన్. నిజమే, రన్‌వే కనబడుతోంది. ఏ రన్‌వే అన్నదే తేడా.

అందుకని గీత మీదకు తిరిగాక, పరుగుకు ముందు, దిక్సూచి అంకె చూసుకుంటాం. 29వ నంబరు రన్‌వే అయితే అంకె 290 దరిదాపుల్లో ఉండాలి. తరువాత లోకలైజర్ సూది నడిమికి వచ్చిందా. పక్కపక్క రన్‌వేలకు దిక్కు ఒకటే కాబట్టి దిక్సూచి ఒక్కటే చాలదు, తైపేలో అది తప్పు పట్టేది కాదు. సూది పట్టేది.

(మరో విద్యార్థి: అయితే లేవడం కూడా ఆటోమేటిక్ చేసేయవచ్చు కదా సార్?)

చేశారు. 2019 డిసెంబరులో టూలూజ్‌లో ఎయిర్‌బస్ ఏ350 విమానం పైలట్ చేయి పెట్టకుండా ఎనిమిది సార్లు లేచింది. పరీక్ష కోసం. కాని అది దేన్ని పట్టుకుని గీత మీద నిలిచిందో తెలుసా? కెమెరాలను. నడుమ గీతను కెమెరాతో చూసి గుర్తుపట్టింది. ఎండలో బాగుంటుంది. మంచులో కెమెరా కూడా నాలాగే తెలుపు తప్ప ఏమీ చూడదు. మరో దారి ఏమిటంటే పైలట్ కళ్ల ముందున్న గాజు పలక మీద లోకలైజర్ గీతను చూపించడం. ఆ పరికరాలు, ఆ అనుమతి ఉన్నవాళ్లకు కొన్ని దేశాల్లో 75 మీటర్ల దాకా లేవనిస్తారు. చూశారా, 125 అన్నది దేవుడు రాసిన అంకె కాదు. పైలట్ కంటికి తోడు ఇంకేదైనా ఇస్తే అది తగ్గుతుంది.

ఇంకో వింత చెబుతాను. అమెరికాలో సొంత విమానాన్ని సొంత పని మీద నడుపుకునేవాడికి లేవడానికి కనీస చూపు అంటూ చట్టంలో ఏదీ లేదు. టికెట్ కొన్నవాళ్లను ఎక్కించుకుంటేనే లెక్క. సున్నాలో లేస్తే లేవవచ్చు. చట్టం ఒప్పుకుంది కదా అని లేచేవాడి పక్కన నేనైతే కూర్చోను. (నవ్వులు)

మన దగ్గర పని జరుగుతూనే ఉంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవాళ్లు 2015 శీతాకాలం నుంచి ఢిల్లీ విమానాశ్రయంలోనే పరికరాలు పెట్టుకుని కూర్చుని, మంచు ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు విడుతుంది అన్నది పట్టుకోవాలని చూస్తున్నారు. మాకు కావలసింది అదే. ఇప్పుడు ఎంత ఉందో "దృష్టి" చెబుతుంది. అరగంటకు ఎంత ఉంటుందో తెలిస్తే ఆ పెద్దాయనను రెండు గంటలు సీటులో కట్టి కూర్చోబెట్టనక్కర లేదు, లోపల కాఫీ తాగుతూ ఉండమనవచ్చు.

ఆ రోజు ఏమైందో చెప్పి ఆపేస్తాను. ఏడుంపావుకు మొదట 150, మధ్యలో 125, చివర 150 అన్నారు. వెంటనే కదిలాం. టాక్సీవే నడుమ ఆకుపచ్చ దీపాల వెంట మనిషి నడక కంటే కొంచెం ఎక్కువ వేగంతో పోయాం. ఆ పావుగంట కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాట ఒక్కటి లేదు. రన్‌వే ముందు స్టాప్ బార్ ఎర్రగా ఉంది. అనుమతి వచ్చింది. దీపాలు ఆరాయి. గీత మీదకు తిరిగాం. దిక్సూచి సరిపోయింది, సూది నడుమ ఉంది. ఎర్ర బంతి తెల్ల బంతిని కప్పింది. నేను ఏడు దీపాలు లెక్కపెట్టాను, కోపైలట్ ఏడు అన్నాడు. టవర్ మళ్లీ మూడు అంకెలు చదివింది, మధ్యది ఇంకా 125.

పరుగులో దీపాలు ఒకటొకటిగా కాకుండా గీతలా కలిసిపోతాయి. లేచిన నాలుగైదు సెకన్లకు మంచు కిందికి దిగిపోయింది. ఎండ కళ్లలో పొడిచింది. కింద ఢిల్లీ లేదు, ఆరబోసిన దూదిలా ఉంది. రేడియోలో టవర్ మా వెనుక నిలబడ్డ విమానానికి అంకెలు చదువుతోంది: 150, 100, 125. ఆ కెప్టెన్ "ఆగుతున్నాం" అన్నాడు. వాళ్లు ఆ పూట తొమ్మిదిన్నర దాకా లేవలేదని తరువాత తెలిసింది.